ఐదు వందల కిలోమీటర్లు, ఒక పగలు

ఏడాదికి మూడుసార్లు మా అమ్మను హైదరాబాదు తీసుకువెళ్లి వైద్యుడికి చూపించుకుని వస్తాను. ఆమెకు ఇప్పుడు 78 ఏళ్లు. రాజమహేంద్రవరంలో రాత్రి భోజనాలయ్యాక రైలెక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు చేరతాము. బంధువుల ఇంట ముఖం కడుక్కుని, ఇంత టిఫిను తిని, ఆసుపత్రిలో పేరు రాయించుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి పిలుపు వస్తుంది. వైద్యుడు చూసేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం ఆమె రెండు రాత్రులు బండిలో, కింది బెర్తు దొరికితే కింద, దొరకకపోతే ఎవరినో బతిమాలి మార్పించుకున్న చోట, కంటి మీద కునుకు లేకుండా గడపాలి. ఇంటికి వచ్చాక మూడు రోజులు నడుము పట్టేసి మంచం దిగలేదు. ఆమెను ఇప్పుడు జబ్బుకంటె ఈ ప్రయాణమే ఎక్కువగా కుంగదీస్తున్నదని నాకు అనిపిస్తుంది.

పగటి బండి లేదా అంటే ఉన్నది. 2023 సంక్రాంతి నాడు విశాఖపట్నం, సికింద్రాబాదుల మధ్య వందేభారత్ మొదలైనప్పుడు మా వీధిలో అందరికంటె ఎక్కువ సంతోషించినవాణ్ణి నేనే. అయితే అదీ రాజమహేంద్రవరం నుండి దాదాపు ఆరు గంటల ప్రయాణమే. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి గాని దించదు గనుక, ఆ రోజు పని ఆ రోజే ముగించుకుని ఇల్లు చేరడం కుదరదు. హైస్పీడు రైలు గురించి నేను పట్టుదలగా ఆలోచించడం మొదలుపెట్టింది అప్పటి నుండే. పొద్దున వెళ్లి రాత్రికి తన మంచం మీద తాను పడుకోగలగడం, అమ్మ వయసులో ఉన్న మనిషికి, మందుతో సమానమైన సంగతి.

ఈ దూరానికి ఒక విశేషమున్నది. ఇప్పటి రైలు మార్గంలో రాజమహేంద్రవరం నుండి సికింద్రాబాదుకు సుమారు 500 కిలోమీటర్లు. జపానులో 1964 అక్టోబరు 1న మొదలైన తొలి షింకన్‌సెన్ (హైస్పీడు రైలు) మార్గం టోక్యో నుండి షిన్ ఒసాకా వరకు 515 కిలోమీటర్లు. మన దేశంలో కడుతున్న ముంబయి–అహ్మదాబాదు మార్గం 508 కిలోమీటర్లు. మూడూ ఇంచుమించు ఒకే దూరం. షింకన్‌సెన్ మొదట ఆ దూరాన్ని నాలుగు గంటల్లో దాటింది, మరుసటి ఏడాదికే మూడు గంటల పది నిమిషాలకు దించింది, ఈనాడు అన్నిటికంటె వేగంగా నడిచే బండి రెండున్నర గంటల లోపే చేరుస్తున్నది. ముంబయి–అహ్మదాబాదు మధ్య తక్కువచోట్ల ఆగే బండికి రెండు గంటల ఏడు నిమిషాలు, మొత్తం 12 స్టేషన్లలోనూ ఆగే బండికి మూడు గంటలకు కొద్ది తక్కువ పడుతుందని ప్రణాళిక. విమానంతో పోల్చి చూసినా ఈ దూరంలో రైలుదే పైచేయి. మధురపూడి నుండి శంషాబాదుకు గాలిలో ఉండేది ఒక గంటే అయినా, ఇంటి నుండి విమానాశ్రయానికి, అక్కడి తనిఖీలకు, దిగాక శంషాబాదు నుండి నగరంలోకి పట్టే సమయమంతా కలిపితే నాలుగు గంటలకు తక్కువ కాదు.

శంషాబాదు నుండి విజయవాడ మీదుగా విశాఖ దగ్గరి దువ్వాడ వరకు గంటకు 220 కిలోమీటర్ల వేగంతో నడిచే మార్గానికి సర్వే చేయడానికి 2023లో రైల్వే బోర్డు అనుమతించింది. సర్వే అంటే రైలు కాదు, ఆ తేడా గోదావరి జిల్లాల వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా లెక్క వేసుకోవడంలో తప్పు లేదు. మార్గం సూర్యాపేట మీదుగా పోతే కాజీపేట చుట్టు తప్పుతుంది గనుక దూరమే తగ్గుతుంది. ఆగే చోట్లు, మలుపులు అన్నీ కలుపుకుని సగటు వేగం 160 కిలోమీటర్లనుకున్నా, రాజమహేంద్రవరం నుండి విజయవాడకు గంట లోపు, విశాఖపట్నానికి గంటంబావు, హైదరాబాదుకు మూడు గంటల లోపు పడుతుంది. ఇది నా సొంత లెక్క. దీనిలో అరగంట అటూ ఇటూ అయినా నేను చెప్పబోయే విషయం మారదు.

ప్రయాణం ఆరు గంటల నుండి నాలుగున్నరకు తగ్గితే కాస్త హాయిగా ఉంటుంది గాని, జీవితంలో ఏమీ మారదు. అది మూడు గంటలకు దిగితే మాత్రం పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. అప్పుడు మారేది ప్రయాణం కాదు, ఎవరు ఎక్కడ కాపురముండాలన్న నిర్ణయం. అమరావతిలోని హైకోర్టులో కేసున్న న్యాయవాది ముందురోజు రాత్రే బయలుదేరి లాడ్జిలో దిగనక్కరలేదు. కాకినాడ ఇంజినీరింగు విద్యార్థి హైదరాబాదులో ఇంటర్వ్యూకు వెళ్లి, ఫలితం ఏదైనా, రాత్రి భోజనానికి ఇంటికి రాగలడు. హైదరాబాదులో పెద్ద తోట వేయించుకునేవారు పొద్దున కడియం వచ్చి, నర్సరీల్లో తిరిగి, మొక్కను తాకి చూసి, బేరం కుదుర్చుకుని సాయంత్రానికి వెనుదిరగవచ్చు. మొక్కలు ఎప్పటిలాగే లారీల్లో వెళతాయి. హైస్పీడు బండి మొక్కల బుట్టలు మోయదు, రొయ్యల పెట్టెలు మోయదు. అది మోసేది మనుషులను. అయితే కొనేవాడు స్వయంగా రాగలిగిన చోట అమ్మేవాడికి దళారి మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్పెయిన్ దేశంలోని సియుదాద్ రియాల్. జనాభా లక్ష కూడా లేని పట్టణం. దక్షిణానికి పోయే పాత ప్రధాన రైలు మార్గం దానిని పక్కన వదిలేసి పోయేది. 1992 ఏప్రిల్‌లో మాడ్రిడ్–సెవిల్ల హైస్పీడు మార్గం ఆ పట్టణం మీదుగా పడింది. మాడ్రిడ్ నుండి అక్కడికి సుమారు 170 కిలోమీటర్లు, అంటే మనకు విజయవాడ ఉన్న దూరం కంటె కొద్దిగా ఎక్కువ. గంట ప్రయాణం. కొద్దికాలానికే రోజూ అటూ ఇటూ ఉద్యోగాలకు వెళ్లేవారు పెరగడంతో, నెలవారీ పాసులతో ప్రత్యేకంగా దగ్గరి దూరపు బండ్లు నడపవలసి వచ్చింది. గమనించవలసినది, ఆ రాకపోకలు రెండు వైపులా సాగాయి. పట్టణంలో ఇల్లుండి మాడ్రిడ్‌లో పనిచేసేవారున్నట్టే, మాడ్రిడ్‌లో కాపురముంటూ సియుదాద్ రియాల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారూ వచ్చారు. మన దగ్గర ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికైనా, కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకైనా, మంచి అధ్యాపకుడిని, నిపుణుడిని రప్పించాలంటే ఎదురయ్యే మొదటి ప్రశ్న, భార్య ఉద్యోగం ఎక్కడ, పిల్లల చదువు ఎక్కడ అన్నదే. గంటా గంటంబావులో విశాఖకో విజయవాడకో చేరగలిగితే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మా అమ్మను చూసే వైద్యుడి వంటివారు వారానికి ఒకరోజు రాజమహేంద్రవరం వచ్చి కూర్చోగలిగితే, అసలు నేను ఆమెను రైలెక్కించనక్కరే లేదు. హైస్పీడు రైలు వల్ల నేను కోరుకునే అన్నిటికంటె పెద్ద లాభం నిజానికి ఇదే.

దీనికి ఎదురుగా ఒక భయమున్నది, దానిని నేను కొట్టిపారేయను. పెద్ద నగరం చిన్న నగరాన్ని గొట్టం వేసి పీల్చినట్టు పీల్చేస్తుందని జపానులో అంటారు. గంటంబావులో విశాఖ చేరగలిగితే తాడితోట బట్టల మార్కెట్టుకు ఎవరు వస్తారని మా ఊరి వర్తకుడు అడిగితే, అది సరైన ప్రశ్నే. అక్కడ దొరికేదే ఇక్కడా దొరికే పక్షంలో కొంత వ్యాపారం తప్పకుండా పోతుంది. టోకు బేరం, ఎన్నో తరాల పరిచయం, అరువు మీద సరుకు ఇచ్చే నమ్మకం వంటివి మాత్రం అంత తేలికగా రైలెక్కి పోవు. పైగా, రైలు రాకముందే మన పిల్లలు వెళ్లిపోయారన్న మాట మరువకూడదు. కోనసీమలో పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు ఎన్నో. మా అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు, పండుగకు వస్తాడు, సంక్రాంతికి టిక్కెట్టు కోసం రెండు నెలల ముందు నుండీ తంటాలు పడతాడు. గొట్టం వేయకుండానే పీల్చడం అయిపోయింది. ఇప్పుడు కావలసినది తిరుగుదారి.

ఇక రైలెక్కని వారికి ఏమి లాభమన్న ప్రశ్న. టిక్కెట్టు ఖరీదుగా ఉంటుంది, రోజుకూలీ దానిని ఎక్కడు, నిజమే. దీనికి జవాబు చెప్పాలంటే లూపులైను, అంటే స్టేషనులో బండిని పక్కకు తప్పించి నిలిపే పట్టా, గురించి చెప్పాలి.

మన ప్రధాన మార్గం మీద, ఒకే జత పట్టాల మీద, బొగ్గు, సిమెంటు, ఎరువులు, బియ్యం మోసే గూడ్సులు, ప్రతి ఊళ్లో ఆగే ప్యాసింజర్లు, రాత్రి ఎక్స్‌ప్రెస్సులు, గంటకు 130 కిలోమీటర్ల వేగం అందుకోగల బండ్లు, అన్నీ నడవాలి. రాజమహేంద్రవరం నుండి విజయవాడకు 150 కిలోమీటర్లు. గూడ్సు సగటున 50 కిలోమీటర్ల వేగంతో పోతే మూడు గంటలు, వేగపు బండి సగటున 100తో పోతే గంటన్నర. అంటే గూడ్సు వెనుక గంటన్నర తరువాత బయలుదేరిన వేగపు బండి కూడా విజయవాడ దగ్గర దానిని అందుకుంటుంది. అంతసేపు పట్టాలను ఖాళీగా ఉంచడం సాధ్యం కాదు గనుక, నెమ్మది బండిని ఏదో ఒక చిన్న స్టేషనులో లూపులైనులో నిలిపి, వేగపు బండిని ముందుకు పంపాలి. ఒక బండి వేగం పెరిగిన కొద్దీ మిగిలిన బండ్లు ఆగవలసిన సమయం పెరుగుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, రెండు వేగాలను ఒకే దారిలో నడిపితే లెక్క అలాగే తేలుతుంది. నిడదవోలు దాటాక పొలాల మధ్య ప్యాసింజరు నిలిచిపోయి, పాలక్యాన్లవాళ్లు, కూరగాయల గంపలవాళ్లు, కాలేజీ పిల్లలు పక్క పట్టా వైపు చూస్తూ కూర్చున్న గంటలు నాకెన్నో గుర్తున్నాయి.

చాలామంది అనుకున్నట్టు జపాను వారు వేగం కోసమే షింకన్‌సెన్ కట్టలేదు. టోక్యో–ఒసాకా పాత మార్గం బండ్లతో నిండిపోయి ఇంకొక బండికి చోటు లేకపోవడం దానికి ముఖ్య కారణం. కొత్త మార్గంలోకి వేగపు బండ్లు వెళ్లిపోతే పాత మార్గంలో మిగిలినవన్నీ ఇంచుమించు ఒకే వేగంతో నడుస్తాయి, ఒకదాని వెనుక ఒకటి దగ్గర దగ్గరగా నడపవచ్చు. అప్పుడు రాజమహేంద్రవరం నుండి కాకినాడకు, భీమవరానికి, తునికి గంటకొక బండి నడపడం కలగా మిగలదు. రోజుకూలీకి, పాలవాడికి, కాలేజీ పిల్లకు హైస్పీడు రైలు ఇచ్చేది ఆ గంటకొక బండి. ఈ మాట సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. అందరూ వేగం గురించే మాట్లాడతారు.

ఆ బండ్లు నిజంగా నడవాలంటే కొత్త స్టేషను ఎక్కడ కడతారన్నది చాలా ముఖ్యం. ఫ్రాన్సులో 1994లో తెరిచిన ఒక హైస్పీడు స్టేషను ఉన్నది. అమియాఁ, సేఁ కాఁతాఁ అనే రెండు పట్టణాలకు ఉమ్మడిగా ఉంటుందని, రెంటికీ కాకుండా మధ్యలో పొలాల్లో కట్టారు. పాత రైలు మార్గం ఏదీ దానికి ఆనుకుని లేదు. అక్కడివారు దానిని బీటు దుంపల స్టేషను అని పిలుస్తారు. జపానులో 1997లో నాగానో మార్గం వచ్చినప్పుడు, అంతవరకు ఎక్స్‌ప్రెస్సులు ఆగిన కొమోరో పట్టణాన్ని తప్పించి, పక్కనున్న వరిచేల మధ్య సకుదైరా స్టేషను కట్టారు. అది మరొక మార్గంతో కలిసే చోట ఉండడం వల్ల చుట్టూ కొత్త ఊరు లేచింది. కొమోరో వెనుకబడింది, దాని మీదుగా పోయే పాత మార్గం స్థానిక సంస్థ చేతిలోకి పోయింది. ఇదే జపానులో కాకెగావా అనే చిన్న నగరం, షింకన్‌సెన్ తమ ఊరి మీదుగా పోతూ ఆగకపోవడం చూసి, పౌరుల విరాళాలతో సహా ఖర్చు భరించి 1988లో స్టేషను సాధించుకున్నది, అదీ పాత స్టేషనును ఆనుకునే.

ప్రధాన మార్గం తప్పితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం జపాను దాకా పోనక్కరలేదు. కాకినాడ రేవు పట్టణం, జిల్లా కేంద్రం. అయినా మద్రాసు–కలకత్తా మార్గం సామర్లకోట మీదుగా పోయింది, కాకినాడకు కొమ్మ మార్గం మిగిలింది. ఈనాటికీ దూరపు బండ్లలో వచ్చే కాకినాడ వారు అర్ధరాత్రి సామర్లకోటలో దిగి ఆటోల కోసం వెతుక్కుంటారు. రాజమహేంద్రవరానికి ఆ గతి పట్టకపోవడానికి కారణం గోదావరి మీద వంతెన ఇక్కడ పడడమే. 1900లో హేవలాక్ వంతెన తెరిచేవరకు, దక్షిణం నుండి వచ్చేవారు కొవ్వూరులో దిగి, ఏరు దాటి, ఇవతలి ఒడ్డున మళ్లీ బండి ఎక్కేవారు. ఆ వంతెన 1997 వరకు సేవ చేసింది. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన, ఆ తరువాత కమానుల వంతెన వచ్చాయి. హైస్పీడు మార్గానికి ఇంకొక వంతెన కావాలి, అది ఎక్కడ ఏరు దాటుతుందో దాని మీదే స్టేషను ఆధారపడుతుంది. భూమి చౌకగా దొరుకుతుందని ఊరికి పదిహేను కిలోమీటర్ల అవతల మెరకలో కట్టేస్తే, గంట లోపు విజయవాడ చేర్చే బండి ఎక్కడానికి ఊళ్లోంచి ముప్పావు గంట ఆటోలో పోవలసి వస్తుంది. భూములు ముందుగా కొన్నవారికి తప్ప అది ఎవరికీ మేలు కాదు.

కోనసీమ సంగతి ఇంకా కష్టం. మా పుట్టిన ఊరు గౌతమి అవతల. నా చిన్నతనంలో కాకినాడ వెళ్లాలంటే పంటు మీద ఏరు దాటి కోటిపల్లి రేవుకు రావడమే దారి. కాకినాడ నుండి కోటిపల్లికి బ్రిటిషు కాలంలో రైలుండేది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ రైలు వచ్చింది. అక్కడి నుండి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల మార్గం 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి. పాతికేళ్లయినా అమలాపురం ఇంకా రైలు చూడలేదు. అమలాపురం నుండి రావులపాలెం మీదుగా బస్సులో రాజమహేంద్రవరం స్టేషను చేరడానికే రెండు గంటలు పడితే, అక్కడి వారికి 220 కిలోమీటర్ల వేగం వల్ల ఏమి ఒరుగుతుంది? అందుకే ఈ 57 కిలోమీటర్లు హైస్పీడు మార్గంతో పోటీపడే పని కాదని, దానిలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. నరసాపురం, భీమవరం, నిడదవోలు వైపు పట్టాలు రెండు వరుసలయ్యాయి, విద్యుత్తు వచ్చింది. ఆ వైపు దారి సిద్ధంగా ఉన్నది, బండ్లే కావాలి.

ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేసిన ఆర్థర్ కాటన్, ఈ దేశానికి రైళ్లకంటె పడవలు నడిచే కాలువలే మేలని జీవితమంతా వాదించాడు. వేగం కన్నా చౌక ముఖ్యమని ఆయన పట్టు. ఆ వాదంలో ఆయన ఓడిపోయాడు. అయినా ఆయన కాలువల వ్యవస్థలో నేర్చుకోవలసినది ఒకటున్నది. పెద్ద కాలువ పక్కన చిన్న కాలువలు, వాటి పక్కన బోదెలు లేకుండా ఆయన నీరు వదలలేదు. ప్రధాన కాలువలో నీరు ఎంత పారినా బోదె లేని చేను ఎండే ఉంటుంది.

నీటి మాట వచ్చింది గనుక ఇంకొకటి. డెల్టాలో కట్ట పోసి దాని మీద పట్టాలు వేస్తే, అది నీటికి అడ్డుగోడ అవుతుంది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను చూసినవారికి మురుగు కాలువ మూసుకుపోతే చేలల్లో నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసు. ముంబయి–అహ్మదాబాదు మార్గంలో చాలా భాగం స్తంభాల మీద, 17.5 మీటర్ల వెడల్పు పట్టీలో పోతున్నది. ఇక్కడ కూడా అలాగే కట్టాలి. ఖర్చు పెరుగుతుంది, కాని కింద నీరు పారుతుంది, పశువులు, ట్రాక్టర్లు దాటుతాయి, రెండు పంటలు పండే చేలు తక్కువగా పోతాయి.

నా దృష్టిలో సర్వే చేసేవారు మొదట గీయవలసినది హైస్పీడు మార్గం కాదు, రాజమహేంద్రవరం స్టేషను పటం. ఇప్పటి ప్లాట్‌ఫారాల పైననో పక్కననో కొత్త ప్లాట్‌ఫారాలు, ముసలివాళ్లు ఎక్కగలిగిన లిఫ్టులు, హైదరాబాదు బండి దిగిన పావుగంటలో బయలుదేరే కాకినాడ బండి ఒకటి, నరసాపురం బండి ఒకటి, మార్గం పూర్తయ్యాక అమలాపురం బండి ఒకటి, గోదావరి గట్టు వైపున బస్సులు ఆగే చోటు. ఆ పటంలో ఇవన్నీ ఉంటే, మిగిలిన మార్గం ఎటు వంగాలో, ఏరు ఎక్కడ దాటాలో ఇంజినీర్లకు దానంతట అదే తెలుస్తుంది. గోదావరి జిల్లాల ప్రజాప్రతినిధులు రైల్వే అధికారులను కలిసినప్పుడల్లా కొత్త బండికి ఇక్కడ ఆపు ఇవ్వమని అడుగుతారు. ఈసారి వారు ఆ పటాన్ని చూపించమని అడగాలని నా మనవి.